పడిశం పది రోగాల పెట్టు

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం. వక్త 1984 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజనీరు.)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "ఆరోగ్యం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలె" అన్నప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. మన బడిలో చదివి కాకతీయ మెడికల్ కాలేజీకి పోయినవాళ్ళు ఇంతమంది ఉండగా ఇంజనీరుతో ఏం పని అన్నాను. "వాళ్ళు మాట్లాడితే డాక్టరు చెప్పినట్టు ఉంటది. నువ్వు మాట్లాడితే పేషెంటు చెప్పినట్టు ఉంటది. మనోళ్ళు పేషెంటు మాటే ఇంటరు" అన్నాడు. అది నిజమే. డాక్టరు మిత్రులు ఇక్కడే ఉన్నారు, ఈ ప్రసంగాన్ని ముందే చదివించాను. నేను తప్పితే చెవి మెలిపెట్టే హక్కు వాళ్ళకుంది.

ఈ విషయం మాట్లాడడానికి నాకు రెండు అర్హతలున్నాయి. ఒకటి, ఏడో ఏట నుంచి నాకు దమ్ము ఉంది. ఉబ్బసం అనండి, ఆస్తమా అనండి, మా ఇంట్లో మాత్రం దమ్ము అనే అనేవాళ్ళు. రెండోది నా వృత్తి. మందుల ఫ్యాక్టరీలకూ, ఆపరేషన్ థియేటర్లకూ గాలిని వడగట్టి, చల్లబరిచి, తేమ సరిచేసి పంపే ఏర్పాట్లు డిజైన్ చేయడం నా పని. ముప్పై ఏళ్ళు ఫిల్టర్లతో, గాలి గొట్టాలతో గడిపినవాడికి తన సొంత ముక్కు గురించి కొంత ఆలోచన రాక తప్పదు.

చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆస్తమా ఉన్నవాళ్ళు ఛాతీని మాత్రమే చూసుకుంటారు. ముక్కును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "సర్ది కదా, అదే పోతది" అంటారు. కానీ ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు ఒకే గొట్టం. పైన మంట రగులుతుంటే కింద ఎంత నీళ్ళు పోసినా పొగ ఆగదు. పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. పడిశం ముదిరితే దగ్గు పుడుతుందని చరక సంహితలోనూ ఉంది.

ముందు ముక్కు ఏం పని చేస్తుందో చెబుతాను. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓర్చుకోండి.

మనిషి రోజుకు పది వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తాడు. జనవరిలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున వాకింగ్ చేసేటప్పుడు గాలి పద్నాలుగు, పదిహేను డిగ్రీలుంటుంది. అదే గాలి ముక్కు దాటి గొంతు దగ్గరికి చేరేసరికి ముప్పై డిగ్రీలు దాటుతుంది, తేమ దాదాపు నిండుగా పడుతుంది. ఈ పని జరిగే దూరం పది, పన్నెండు సెంటీమీటర్లు. పట్టే సమయం సెకనులో చిన్న భాగం. ఇదే పని చేయడానికి నేను డిజైన్ చేసే యంత్రం ఈ స్టేజీలో సగం ఆక్రమిస్తుంది, పైగా కరెంటు బిల్లు వేరు.

ముక్కులో రెండు పక్కలా మూడేసి మడతలుంటాయి. వాటిని టర్బినేట్లు అంటారు. వాటి నిండా రక్తనాళాలు. రేడియేటర్‌లో వేడి నీళ్ళు తిరిగినట్టు అక్కడ రక్తం తిరుగుతుంది. మడతల మీద జిగురు పొర, ఆ పొర కింద కంటికి కనపడని నూగు. ఆ నూగు సెకనుకు పది సార్లకు పైగా కొట్టుకుంటూ జిగురును వెనక్కి, గొంతులోకి నెడుతుంది. దుమ్ములో పది మైక్రాన్లు దాటిన రేణువులు చాలావరకు ఇక్కడే చిక్కుకుంటాయి. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు అనుకుంటే ఆ లెక్క అర్థమవుతుంది. పూల పుప్పొడి రేణువులు ఎక్కువగా పదిహేను నుంచి యాభై మైక్రాన్ల మధ్య ఉంటాయి కాబట్టి వాటి దెబ్బ ముందు తినేది ముక్కే.

ఇక సైనస్‌లు. ముఖం ఎముకల్లో ఉండే నాలుగు జతల గాలి గదులవి. ఒక్కో గదికి వాకిలి రెండు, మూడు మిల్లీమీటర్లే. అలర్జీతో పొర ఉబ్బిందంటే ఆ వాకిలి మూసుకుపోతుంది. లోపల జిగురు నిలవ ఉండిపోతుంది. మురుగు కాలువ పూడిపోతే ఏమవుతుందో నయీంనగర్ వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఒక చిన్న పక్కమాట. మన దగ్గర తలనొప్పి వస్తే చాలు "నాకు సైనస్ ఉంది" అంటారు. సైనస్ అందరికీ ఉంటుంది, అది జబ్బు పేరు కాదు. ముక్కు దిబ్బడ, చిక్కటి చీమిడి, వాసన తగ్గడం లేకుండా ఒట్టి తలనొప్పే ఉంటే అది చాలామందిలో మైగ్రేన్. ముక్కు లక్షణాలు పన్నెండు వారాలు దాటి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు.

ముక్కు మూసుకుంటే ఏమవుతుంది? నోటితో పీలుస్తాం. నోట్లో మడతలు లేవు, ఫిల్టర్ లేదు. చల్లటి, పొడి, దుమ్ము గాలి నేరుగా శ్వాసనాళాల మీద పడుతుంది. 1978లో వచ్చిన ఒక పరిశోధనలో ఆస్తమా ఉన్న యువకులతో వ్యాయామం చేయించారు. నోటితో పీల్చినప్పుడు శ్వాసనాళాలు బిగుసుకున్నాయి, ముక్కుతో మాత్రమే పీల్చినప్పుడు ఆ బిగుతు బాగా తగ్గిపోయింది. ఖోఖో ఆడేటప్పుడు మొదటి రెండు నిమిషాలు బాగుండి ఆ తర్వాత నేను గ్రౌండు పక్కన కూలబడేవాణ్ణి. ఆ సంగతి మా పీఈటీ సారుకు గుర్తుండే ఉంటుంది. ఆయన ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు, స్కోరు రాయమని పుస్తకం ఇచ్చేవారు.

అయితే నోటితో పీల్చడం ఒక్కటే కారణమైతే కథ చిన్నదే. అసలు సంగతి ఇంకా లోతుగా ఉంది. 2000, 2001 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో బ్రౌన్‌స్టాల్ అనే వైద్యుడి బృందం రెండు ప్రయోగాలు చేసింది. గడ్డి పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్ళ ముక్కులో మాత్రమే ఆ పుప్పొడి మందు వేశారు. ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోలేదు. ఇరవై నాలుగు గంటల తర్వాత చూస్తే శ్వాసనాళాల గోడల్లో కూడా ఇసినోఫిల్స్ అనే అలర్జీ కణాలు పెరిగాయి. తిరగేసి ఇంకో ప్రయోగంలో ఊపిరితిత్తిలో ఒక చిన్న భాగంలో వేస్తే ముక్కు వాచింది. అంటే ఇది పై నుంచి కిందికి కారే జిగురు కథ మాత్రమే కాదు. రక్తం ద్వారా, ఎముక మజ్జ ద్వారా కబురు అటూ ఇటూ నడుస్తోంది. ఒక గదిలో అలారం మోగితే భవనమంతా మోగే వ్యవస్థ అన్నమాట.

1999 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి నిపుణులు జరిపిన సదస్సులో ఈ ఆలోచనకు రూపం వచ్చింది. దాని నివేదిక 2001లో అచ్చయింది. "అరియా" అని పిలిచే ఆ మార్గదర్శకాలు చెప్పేదేమిటంటే, దీర్ఘకాలంగా ముక్కు అలర్జీ ఉన్న ప్రతివాళ్ళనూ ఆస్తమా గురించి అడగాలి, ఆస్తమా ఉన్న ప్రతివాళ్ళ ముక్కునూ చూడాలి. ఆస్తమా ఉన్న వందమందిలో సుమారు ఎనభై మందికి ఏదో ఒక ముక్కు బాధ ఉంటుంది. ఈ ఎనభై మందిలో ఎంతమంది డాక్టరుకు ఆ మాట చెబుతారు? ముక్కుకు ఒక డాక్టరు, ఛాతీకి ఇంకో డాక్టరు, చీటీలు వేరు, ఫైళ్ళు వేరు. రెండు ఫైళ్ళూ కలిపి ఒక సంచిలో పెట్టుకుపోవాల్సింది మనమే.

మన ఊరి గాలి సంగతి కొంచెం. ఓరుగల్లు మీద నాకున్న ప్రేమ మీకు తెలుసు, కానీ ముక్కు ఉన్నవాడికి ఇది సులువైన ఊరు కాదు. అక్టోబరు నుంచి పత్తి. ఫిబ్రవరి దాటితే ఏనుమాముల మార్కెట్లో మిర్చి. మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చినందుకు గర్వపడదాం. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ గనక హమాలీ అన్నల ముక్కులు కూడా సంతోషించాలి. తేజ మిర్చి బస్తాలు మోసేవాళ్ళ సంగతి వేరు. మిర్చి ఘాటు అలర్జీ కాదు, అది ముక్కు నరాలను నేరుగా రేపుతుంది. కానీ ముందే వాచి ఉన్న ముక్కుకు ఆ తేడాతో పని లేదు. ఆజంజాహి మిల్లు కార్మికుల పిల్లలు మా క్లాసులో ఉండేవాళ్ళు. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ అనే జబ్బు వేరే ఉంది. సెలవు తర్వాత మళ్ళీ పనిలోకి దిగిన రోజే ఛాతీ ఎక్కువగా పట్టేయడం దాని గుర్తు. మిల్లుల్లో, జిన్నింగుల్లో పనిచేసినవాళ్ళకు ఆయాసం ఉంటే ఆ పని సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

వానలు పడ్డాక ఖాళీ జాగాల నిండా వయ్యారిభామ. 1955లో పుణెలో మొదట కనిపించిన ఈ మొక్క ఇప్పుడు దేశమంతా ఉంది. స్వచ్ఛత కార్యక్రమం పేరుతో బడి పిల్లలతో దాన్ని చేతులతో పీకిస్తుంటారు. ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. పూత రాకముందే పీకించండి, చేతి తొడుగులు, మాస్కులు ఇవ్వండి, దమ్ము ఉన్న పిల్లలను, ఒంటి దురద ఉన్న పిల్లలను ఆ పనికి పెట్టకండి.

బయటి దుమ్ము కంటే ఇంట్లో దుమ్ము పురుగులు ఎక్కువ బాధపెడతాయి. కంటికి కనపడని ఆ పురుగులు దూది పరుపుల్లో, బొంతల్లో, దిండ్లలో బతుకుతాయి. మా అమ్మ రోహిణి కార్తె ఎండలో పరుపులన్నీ డాబా మీద వేసి కర్రతో బాదేది. ఎండ మంచిదే. ఆ బాదేటప్పుడు దమ్ము ఉన్న పిల్లవాణ్ణి కింద ఉంచాలంతే. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్ళలో ఉతికితే పురుగులు చస్తాయి. దోమల కాయిల్, అగరుబత్తి పడకగదిలో వద్దు. ఏసీ ఉన్నవాళ్ళు ఫిల్టర్ జాలీని రెండు వారాలకోసారి కడగండి. ఇది చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం చేసినట్టే.

ఇప్పుడు నా కథ. నలభై దాటేదాకా నా దమ్ము ఒక దారిలో ఉండేది. ఇన్హేలర్ వాడేవాణ్ణి, ఏడాదిలో రెండు మూడు చెడ్డ వారాలుండేవి. నలభై రెండో ఏట పరిస్థితి మారింది. ముక్కు రెండు పక్కలా దిబ్బడ. రాత్రంతా నోరు తెరిచి నిద్ర. ఒకరోజు మా ఆవిడ వంటింట్లో ఆవకాయ కలుపుతుంటే పక్కనే నిలబడి కూడా నాకు వాసన తెలియలేదు. "వాసన పోయింది" అంటే ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అదే సమయంలో దమ్ము కూడా పెరిగింది. పీక్ ఫ్లో మీటర్ అని చిన్న గొట్టం ఉంటుంది, ఊదితే నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో గాలి వదలగలమో చూపిస్తుంది. ఇంజనీరు బుద్ధి కొద్దీ రోజూ రెండు పూటలా ఊది పుస్తకంలో రాసేవాణ్ణి. పొద్దున 260, సాయంత్రం 340. ఇంత తేడా రోజూ ఉందంటే దమ్ము అదుపులో లేదనే అర్థం. ఇన్హేలర్ మోతాదు పెంచారు. గీత పైకి లేవలేదు.

ఆ ఏడాది వేసవిలో పన్ను పీకించుకున్నాను. నొప్పికి మామూలుగా ఇచ్చే మాత్ర ఇచ్చారు. ఇంటికొచ్చి వేసుకున్న ముప్పావు గంటలో ముక్కు నుంచి నీళ్ళు ధారగా కారాయి, ముఖం ఎర్రబడింది, ఆ తర్వాత ఊపిరి బిగుసుకుపోయింది. మాట రాలేదు. వేలితో ఇన్హేలర్ వైపు చూపించడం మాత్రం గుర్తుంది. మా బావమరిది కారులో పడేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు రాత్రులు ఐసీయూలో ఉన్నాను. పెదవులు నీలం రంగుకు తిరిగాయని మా ఆవిడ చాలా నెలల తర్వాత గానీ చెప్పలేదు.

అక్కడి ఛాతీ వైద్యుడు మూడో రోజు పొద్దున మంచం పక్కన నిలబడి అడిగిన మొదటి ప్రశ్న ఊపిరి గురించి కాదు. "మీకు వాసన తెలుస్తుందా?" అన్నాడు. ముప్పై ఐదేళ్ళ దమ్ములో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. ఈఎన్‌టీ డాక్టరు దుర్భిణి గొట్టం పెట్టి చూస్తే ముక్కు రెండు పక్కలా పాలిప్స్. ఒలిచిన ద్రాక్షపండ్లు గుత్తిగా ఉన్నట్టు తెరమీద కనిపించాయి. సీటీ స్కాన్‌లో సైనస్‌లన్నీ నిండిపోయి ఉన్నాయి.

ఈ మూడూ, అంటే ఆస్తమా, ముక్కులో పాలిప్స్, నొప్పి మాత్రలు పడకపోవడం, ఒకే మనిషిలో ఉండడం వైద్యులకు కొత్త కాదు. 1922లోనే ఫ్రాన్స్‌లో విడాల్ దీన్ని వర్ణించాడు. 1968లో అమెరికాలో మాక్స్ శామ్టర్, బీర్స్ వివరంగా రాశాక శామ్టర్ త్రయం అనే పేరు స్థిరపడింది. పెద్దల్లో ఆస్తమా ఉన్న నూరుమందిలో సుమారు ఏడుగురికి ఇది ఉంటుంది, తీవ్రమైన ఆస్తమా అయితే ఆ సంఖ్య రెట్టింపు. సాధారణంగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో, వదలని పడిశంతో, వాసన పోవడంతో మొదలవుతుంది.

ఈ సభలో సగం మందికి మోకాళ్ళ నొప్పులున్నాయి, నిన్న మెట్లెక్కేటప్పుడు చూశాను. అందుకే ఈ ఒక్క విషయం కాస్త నిదానంగా చెబుతున్నాను. మీకు ఆస్తమా ఉండి, ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి వాసన తగ్గిందంటే, మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్ర వేసుకోవద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, కీటోరోలాక్ ఇవన్నీ ఒకే కుటుంబం. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో కూడా ఇవి దాగి ఉంటాయి, అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాలి. పారాసిటమాల్ మామూలు మోతాదులో చాలామందికి పడుతుంది, పెద్ద మోతాదులో కొందరికి అదీ పడదు. గుండె కోసం ఆస్పిరిన్ రోజూ వేసుకుంటూ ఏ ఇబ్బందీ లేనివాళ్ళు నా మాట విని మానేయకండి, మీ డాక్టరునే అడగండి. నా పర్సులో ఒక కార్డు ఉంటుంది. పడని మందుల పేర్లు తెలుగులో, ఇంగ్లీషులో రాసి లామినేట్ చేయించాను. స్పృహ లేకపోతే అదే మాట్లాడుతుంది.

నాకు ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ చేశారు. ఆ తర్వాత రోజూ ముక్కు కడగడం, స్టెరాయిడ్ స్ప్రే. మూడు నెలలకు పీక్ ఫ్లో గీత 400 దగ్గర నిలబడింది. పొద్దున, సాయంత్రం తేడా బాగా తగ్గింది. ఒకరోజు హన్మకొండ చౌరస్తాలో బండి మీద మిర్చి బజ్జీల నూనె వాసన తగిలి అక్కడే ఆగిపోయాను. అది మంచి నూనె కాదు, అయినా అలాగే నిలబడి పీల్చాను. ఆరేళ్ళకు పాలిప్స్ మళ్ళీ వచ్చాయి. ఈ రకంలో తిరిగి రావడం మామూలేనట. మళ్ళీ మందులు, మళ్ళీ గీత చూసుకోవడం. దమ్ము పోలేదు, ఇన్హేలర్ మానలేదు. ఐసీయూకి మాత్రం మళ్ళీ పోలేదు.

ఇక్కడ ఇంజనీరుగా నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ముక్కుకు మందు వేస్తే ఆస్తమా అందరికీ తగ్గుతుందని రుజువు కాలేదు. 2014లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, ఆస్తమా సరిగా అదుపులో లేని పెద్దలకు, పిల్లలకు ఇరవై నాలుగు వారాలు మొమెటసోన్ ముక్కు స్ప్రే ఇచ్చి చూస్తే ఆస్తమా అదుపు మెరుగుపడలేదు. ముక్కు అలర్జీకి సరిగ్గా చికిత్స తీసుకున్న ఆస్తమా రోగులు అత్యవసరంగా ఆసుపత్రికి రావడం తక్కువని చూపిన పరిశీలనలూ ఉన్నాయి. రెండూ చదివాక నాకు అర్థమైంది ఇది. ముక్కు చికిత్స ఇన్హేలర్ పక్కన నిలబడేది, దాని స్థానంలో కూర్చునేది కాదు. ముక్కు బాధ ఉన్నవాడికి ఆ బాధ తగ్గడమే ఒక లాభం. పాలిప్స్ లాంటివి దాగి ఉన్నవాడికి అది ప్రాణం మీది సంగతి. కొత్త ఇంజెక్షన్లు కూడా ఈ ఒకే దారి మాటనే బలపరుస్తున్నాయి. డుపిలుమాబ్ అనే మందుకు అమెరికాలో 2018లో ఆస్తమాకు అనుమతి వస్తే, 2019లో ముక్కు పాలిప్స్‌కు వచ్చింది. ధర మాత్రం మనలాంటివాళ్ళు అడిగి ఊరుకోవాల్సిందే.

వాడే పద్ధతి ముఖ్యం, ఎందుకంటే సగం స్ప్రేలు తప్పు దిశలో కొట్టడం వల్లే పనిచేయవని నా అనుమానం. తల కొంచెం ముందుకు వంచాలి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టాలి. మొన చెవి వైపు చూడాలి, మధ్య గోడ వైపు కాదు. మధ్య గోడకు కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చకూడదు, మెల్లగా పీలిస్తే చాలు. పని మొదలు కావడానికి రోజులు, వారాలు పడుతుంది. స్టెరాయిడ్ అనగానే బెదరకండి, ఇది మైక్రోగ్రాముల లెక్క. బెదరాల్సింది వెంటనే ముక్కు తెరిచే చుక్కల మందులకు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటివి మూడు, నాలుగు రోజులు దాటి వాడితే ముక్కు వాటికి బానిసై ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

ముక్కు కడగడానికి పావు లీటరు నీళ్ళకు రెండు గ్రాములకు కొద్దిగా మించి ఉప్పు, అంటే అర టీస్పూనుకు కాస్త తక్కువ. నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవే ఉండాలి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు నేరుగా ముక్కులోకి పోయకూడదు, వాటిలో మెదడుకు పాకే అమీబా ఉండే ప్రమాదం ఉంది. ఆవిరి పట్టే ఇళ్ళలో ఒక హెచ్చరిక. మరిగే గిన్నె మీద పిల్లవాణ్ణి దుప్పటి కప్పి కూర్చోబెట్టకండి. సర్ది కంటే ఒళ్ళు కాలడం పెద్ద బాధ.

లెవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర మన ఊళ్ళో చాక్లెట్ లాగా అమ్ముడవుతుంది. మాంటెలుకాస్ట్ వల్ల కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, నిద్ర చెడడం, పీడకలలు, మనసు మార్పులు వస్తాయని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక ముద్ర వేయించింది. డాక్టరు రాస్తే వాడండి, పిల్లల ప్రవర్తన గమనించండి. చీటీ లేకుండా ఏడాది పొడవునా మింగడం వేరే సంగతి.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదానికి మన జిల్లా నుంచి కూడా జనం పోతారు. చిన్నప్పుడు మా నాన్న నన్నూ తీసుకెళ్ళాడు. ఆ కొర్రమీను పిల్ల గొంతులో కదలడం ఇప్పటికీ గుర్తే. అది ఆస్తమాను తగ్గిస్తుందని వైద్య పరీక్షల్లో రుజువు కాలేదు. నమ్మకంతో పోయేవాళ్ళను నేను తప్పు పట్టను, నన్ను మోసుకెళ్ళిన మా నాన్న ప్రేమను అసలే తప్పు పట్టను. ఆ రైలు ఎక్కేటప్పుడు జేబులో ఇన్హేలర్ ఉండాలి, దిగాక కూడా వాడుతూ ఉండాలి. మన దేశంలో సుమారు మూడున్నర కోట్ల మందికి ఆస్తమా ఉంది. ప్రపంచంలో ఆస్తమాతో చనిపోయేవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా మన దేశస్థులే. రోజూ వాడాల్సిన మందు వదిలేసి, ఆయాసం వచ్చినప్పుడు మాత్రం నీలం ఇన్హేలర్ కొట్టుకోవడం దీనికి ఒక పెద్ద కారణం. ఆ నీలం ఇన్హేలర్ ఒక్కదానితోనే ఆస్తమాను నెట్టుకురావద్దని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి.

చివరగా గురువులకు, ఇప్పుడు బళ్ళలో పాఠాలు చెబుతున్న మన పూర్వ విద్యార్థులకు. క్లాసులో నోరు తెరుచుకుని కూర్చునే పిల్లవాడు, అరచేత్తో ముక్కును పైకి రుద్దుకునే పిల్ల, కళ్ళ కింద నల్లటి చారలు, రెండో పీరియడ్‌లోనే నిద్ర, చదివిందే మళ్ళీ అడగడం. వీళ్ళలో కొందరు సోమరులు కారు. రాత్రి ముక్కు మూసుకుపోయి నిద్ర లేనివాళ్ళు. ముక్కు వెనక ఎడినాయిడ్స్ వాచి ఉండవచ్చు, చెవిలో నీరు చేరి పాఠం సరిగా వినపడకపోవచ్చు. ఆటలో ఐదు నిమిషాలకే దగ్గేవాణ్ణి ఆట నుంచి తీసేయకండి. తల్లిదండ్రులను పిలిచి రెండు ప్రశ్నలు అడగండి: రాత్రి గురక పెడతాడా, పొద్దున లేవగానే వరసగా తుముతాడా? ఆ పిల్లవాడి ఇన్హేలర్ ఇంట్లో బీరువాలో కాకుండా బడి సంచిలో ఉందో లేదో చూడండి.

పెద్దలకు ఇంకొక్క మాట. ఒక పక్క ముక్కు మాత్రమే మూసుకుపోయి, అందులోంచి రక్తం వస్తుంటే దాన్ని అలర్జీ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, ఆ వారమే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

బయట చింతచెట్టు కింద బల్ల మీద రెండు పీక్ ఫ్లో మీటర్లు, అట్ట మౌత్‌పీస్‌లు రెండు వందలు పెట్టాను, ఒక్కొక్కరికి ఒకటి. భోజనానికి ముందు వచ్చి ఊదండి, తిన్నాక ఊదితే కష్టం. మూడు సార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. మన డాక్టరు మిత్రులు ఇద్దరు ఒంటిగంట దాకా అక్కడే ఉంటారు. మందుల అట్టలు తెచ్చుకున్నవాళ్ళు వాళ్ళకు చూపించండి.